మూడు కుక్కల ఇంట్లోకి నాలుగోది: తారను ఫోస్టర్ చేసిన అనుభవం

దిక్కులేని కుక్కలను చేరదీసే షెల్టర్ వాళ్ళు తార గురించి రాసి ఇచ్చిన కాగితంలో స్వభావం అన్న గడిలో ఒక్కటే మాట ఉంది: సాధువు. ఫోన్లో మాట్లాడినప్పుడూ అదే చెప్పారు. ఎవరి మీదా మొరగదు, తిండి దగ్గర పోట్లాడదు, పక్క గదుల్లో కుక్కలు ఎంత గోల చేసినా తన మూలన తాను ముడుచుకుని పడుకుంటుంది, మీ కుక్కలతో దీనికి ఏ పేచీ రాదు అన్నారు. వాళ్ళు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అయితే ఏళ్ళ తరబడి ఒకే ఇంట్లో రెండు మూడు కుక్కలను సాకుతున్న నాకు, సాధువైన కుక్క వస్తోందంటే మామూలుకన్నా ఎక్కువగా కనిపెట్టుకుని ఉండాలని అనుభవం మీద తెలుసు. గోల చేసే కుక్క తన బాధ తానే చెప్పుకుంటుంది. నోరు మెదపని కుక్క ఎంత అవస్థ పడుతున్నా, ఇంటిల్లిపాదీ దాని బుద్ధిమంతనానికి మురిసిపోతూ ఉంటారు తప్ప ఏం జరుగుతోందో గమనించరు.

శాశ్వతంగా పెంచుకునే కుటుంబం దొరికే వరకు షెల్టర్ కుక్కను మన ఇంట్లో పెట్టుకుని చూసుకోవడమే ఫోస్టర్ చేయడం. కుక్క మీద హక్కు, వైద్యపు ఖర్చు, దత్తత విషయంలో తుది నిర్ణయం సాధారణంగా షెల్టర్ చేతిలోనే ఉంటాయి. చోటు, సమయం, ఓపిక మనవి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ కుక్క ఒక ఇంట్లో ఎలా ఉంటుందన్న సమాచారం మన దగ్గర నుంచే వెళ్ళాలి, ఎందుకంటే ఇనుప తలుపుల వెనుక, పగలంతా మొరుగుళ్ళ మధ్య ఉన్న కుక్కను చూసి దాని అసలు స్వభావం చెప్పడం ఎంత అనుభవజ్ఞులకైనా కష్టమే.

మా ఇంట్లో అప్పటికే మూడు ఉన్నాయి. భీమ వయసు మళ్ళిన పెద్ద కుక్క. కీళ్ళ నొప్పుల వల్ల నెమ్మదిగా కదులుతుంది, ఎవరినీ పట్టించుకోదు. చుక్కి నడివయసు ఆడకుక్క. ఇంట్లో ఏ మూల ఏం జరుగుతున్నా దానికి తెలిసి తీరాలి. బంటీ ఇంకా కుర్రది. ఎదుటి కుక్క వద్దంటున్నా అర్థం చేసుకోకుండా ఆటకు మీద పడుతుంది. తారను తీసుకురావడానికి ముందు నేను ఎక్కువగా ఆలోచించింది ఈ మూడింటి గురించే. వచ్చే కుక్కకు మన ఇల్లు మజిలీ, ఉన్న కుక్కలకు అది సొంత ఇల్లు. వాటి నిద్ర, నడక, మనతో గడిపే సమయం కొత్త అతిథి వల్ల తలకిందులైతే, ఆ కోపం చివరకు తిరిగి ఆ అతిథి మీదికే మళ్ళుతుంది.

మొదటి రెండు వారాలు తారను విడిగా ఉంచాలని ముందే అనుకున్నాం. దీన్ని చాలామంది కుక్కల మధ్య స్నేహానికి సంబంధించిన ఏర్పాటు అనుకుంటారు కానీ, దీని వెనుక గట్టి వైద్య కారణం ఉంది. షెల్టర్లో ఎన్నో చోట్ల నుంచి వచ్చిన కుక్కలు పక్కపక్కనే ఉంటాయి. కుక్కల పేగులను దెబ్బతీసే పార్వో వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడటానికి సాధారణంగా 3 నుంచి 7 రోజులు, కొన్నిసార్లు రెండు వారాల దాకా పడుతుంది. కెన్నెల్ దగ్గు అనే అంటు దగ్గు బయటపడటానికి 2 నుంచి 14 రోజులు పట్టవచ్చు. డిస్టెంపర్ అనే మరో వైరస్ జబ్బు ఇంకా ఆలస్యంగా కూడా తెలియవచ్చు. అంటే వచ్చిన రోజున హుషారుగా కనిపించిన కుక్క వారం తిరిగేసరికి జబ్బు పడవచ్చు. మా మూడింటికీ టీకాలు సమయానికి పడ్డాయో లేదో వెటర్నరీ డాక్టర్ దగ్గర సరిచూసుకున్నాకే షెల్టర్ కాగితాల మీద సంతకం పెట్టాను.

ఇంటి చివరి గదిని తారకు కేటాయించాం. దాని గిన్నెలు, పరుపు, లీష్ (పట్టుకుని నడిపించే తాడు), తుడిచే గుడ్డలు అన్నీ వేరు. ఆ గదిలోకి వెళ్ళేటప్పుడు వేసుకునే చెప్పులు గుమ్మం లోపలే ఉండేవి. పార్వో వైరస్ మట్టిలో, నేల మీద నెలల తరబడి బతికి ఉంటుంది. మామూలు సబ్బుకూ, చేతికి రాసుకునే శానిటైజర్‌కూ అది చావదు. ముందు నేలను శుభ్రంగా కడిగి, ఒక వంతు బ్లీచ్‌కు 30 వంతుల నీళ్ళు కలిపి పోసి, పది నిమిషాలు అలాగే వదిలి తుడవాలి. నేల మీద మలినం ఉండగా పోస్తే బ్లీచ్ సరిగా పనిచేయదు. ఇదంతా అతిజాగ్రత్త అని మా ఇంట్లో ఒకరిద్దరు విసుక్కున్నారు. ఇంట్లో ముసలి కుక్క ఉన్నప్పుడు అతిజాగ్రత్త అన్నది లేదని నా అభిప్రాయం, ఆ అభిప్రాయం ఇప్పటికీ మారలేదు.

ఈ ఏర్పాటు వల్ల అనుకోని లాభం కూడా కలిగింది. తలుపు కింద సందులో ముక్కు పెట్టి చుక్కి గంటల తరబడి వాసన చూసేది. మొదట్లో మెడ మీద బొచ్చు నిక్కబొడుచుకునేది, తోక కర్రలా నిలబడేది. క్రమంగా ఆ బిగువు తగ్గి, ఒక పూట అది తలుపుకు ఆనుకునే పడుకుని నిద్రపోయింది. రెండు వారాల గడువు సగం దాటి, తారకు ఏ జబ్బు లక్షణాలూ లేవని డాక్టర్ పరీక్షించి చెప్పాక, తార పడుకున్న దుప్పటిని హాల్లో ఒక మూలన, మా కుక్కల దుప్పటిని తార గదిలో వేయడం మొదలుపెట్టాం. కళ్ళతో చూసుకునేలోగా ముక్కుతో పరిచయం పూర్తయింది.

ఆ గదిలో తార మొదటి రోజులు ఎలా గడిచాయో చెప్పాలి. అది గోడవైపు ముఖం పెట్టి పడుకునేది. మేము లోపలికి వెళితే లేచేది కాదు, తోక ఆడించేది కాదు, మొరిగేది అసలే కాదు. తల నిమిరితే కదలకుండా నిమిరించుకునేది. చూడవచ్చిన బంధువులు, ఎంత నెమ్మదిగల కుక్కో, చేయి వేస్తే చాలు పసిపాపలా ఒదిగిపోతోంది అని ముచ్చటపడ్డారు. నాకు మాత్రం అందులో ఒదుగు కనిపించలేదు. దాని ఒళ్ళు బిగుసుకుని ఉండేది, నోరు గట్టిగా మూసుకుని ఉండేది, కళ్ళ తెల్లభాగం ఒక పక్కన నెలవంకలా కనిపించేది. మనం చూస్తుండగా ముద్ద ముట్టేది కాదు. తలుపు మూసి వెళ్ళిపోతే అర్ధరాత్రి ఎప్పుడో తిని గిన్నె ఖాళీ చేసేది. భయపడ్డ కుక్క పారిపోవచ్చు, ఎదురు తిరగవచ్చు; ఆ రెంటికీ వీలు లేదనుకున్నప్పుడు బిగుసుకుపోతుంది. పైకి అది అచ్చం సాధుత్వంలాగే ఉంటుంది.

అందుకే నిమరడం మానేశాం. గదిలోకి వెళ్ళి, దానికి వీపు తిప్పి కింద కూర్చుని, ఏదో ఒక పుస్తకం మెల్లగా పైకి చదువుకునేవాళ్ళం. మా అమ్మాయి తన పరీక్షల పాఠాలన్నీ తారకే అప్పజెప్పింది. దగ్గరికి రావాలా వద్దా అన్నది దాని ఇష్టానికే వదిలేశాం. చేతి వెనుక భాగాన్ని నేల మీద ఆనించి ఉంచితే, ఒక సాయంత్రం అది వచ్చి వాసన చూసి వెనక్కి వెళ్ళింది. మరుసటి రోజు మోకాలికి గడ్డం ఆనించింది. అప్పుడు మెడ కింద రెండు మూడు క్షణాలు నిమిరి చేయి తీసేసేవాళ్ళం. ఇంకా కావాలంటే అదే ముందుకు జరుగుతుంది, వద్దనుకుంటే పక్కకు తిరుగుతుంది. ఈ చిన్న పద్ధతి తెలిస్తే కుక్క కాట్లలో సగం జరగవని నాకు గట్టిగా అనిపిస్తుంది.

షెల్టర్ నుంచి వచ్చిన కుక్కకు మూడు రోజులు బెదురు, మూడు వారాల్లో అలవాటు, మూడు నెలల్లో స్థిరత్వం అని ఒక లెక్క ప్రచారంలో ఉంది. ఇది శాస్త్రం కాదు, మనుషుల తొందరకు వేసిన పగ్గం. తారకు ఈ లెక్కలు ఏవీ సరిగ్గా కుదరలేదు. అయితే షెల్టర్ వాతావరణం కుక్క ఒంటి మీద ఎంత భారం వేస్తుందో చెప్పే పరిశోధన మాత్రం ఉంది. 2019లో వెలువడిన ఒక అధ్యయనం కోసం అమెరికాలోని ఐదు షెల్టర్లలో 207 కుక్కలను ఒకటి రెండు రాత్రుల పాటు ఇళ్ళకు పంపి చూశారు. ఇంట్లో ఉన్నప్పుడు వాటి మూత్రంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ తగ్గింది, అవి ఎక్కువసేపు ఏకధాటిగా విశ్రమించాయి. తిరిగి షెల్టర్‌కు వెళ్ళాక హార్మోన్ మళ్ళీ పాత స్థాయికి చేరింది. తార కూడా మొదట చేసిన పని నిద్రపోవడమే. పెద్ద కుక్క మామూలుగానే రోజులో సగం సమయం నిద్రపోతుంది, తార అంతకన్నా చాలా ఎక్కువ పడుకుంది. దాన్ని లేపి ఆడించాలని ఎవరూ ప్రయత్నించకుండా చూడటం నా పనుల్లో ఒకటైంది.

ఆరోగ్యపు పనులు సాఫీగానే జరిగిపోయాయి. చెవుల లోపల దాక్కున్న పిడుదులను తీయించాం, నులిపురుగుల మందు వేయించాం, షెల్టర్ పెట్టిన తిండినే కొనసాగిస్తూ వారం పది రోజుల మీద కొంచెం కొంచెంగా మా కుక్కలు తినేదానికి మార్చాం. ఒక్కసారిగా మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి. అవి తిండి వల్లనా జబ్బు వల్లనా అని తేల్చుకోలేక మనం బెంబేలెత్తాలి. దోమల ద్వారా వచ్చి గుండెలో చేరే పురుగు, హార్ట్‌వార్మ్, పరీక్ష గురించి ఒక్క మాట. కుట్టిన తరువాత దాదాపు ఆరు నెలలకు గానీ ఆ పరీక్షలో పురుగు బయటపడదు. అందుకని తొలి పరీక్షలో ఏమీ లేదని వచ్చినా, ఆరు నెలల తరువాత మళ్ళీ చేయించాలని దత్తత తీసుకునేవాళ్ళ కోసం కాగితం మీద రాసి పెట్టాను.

జాతి అన్న గడిలో "లాబ్రడార్ మిక్స్" అని ఉంది. పసుపు రంగు, వాలిన చెవులు చూసి ఎవరో అలా రాసి ఉంటారు. లాబ్రడార్ కాబట్టే ఇంత సాధువని వచ్చినవాళ్ళంతా తేల్చేవారు. కంటితో చూసి చెప్పే జాతి ఎంత నమ్మదగినదో 2009లో అమెరికాలో 20 దత్తత కుక్కల మీద చేసిన పరిశీలనలో తేలింది. దత్తత సంస్థలు రాసిన జాతులకూ డీఎన్‌ఏ పరీక్షలో వచ్చిన జాతులకూ చాలావరకు పొంతన కుదరలేదు. 2022లో 18,385 కుక్కల యజమానులు ఇచ్చిన సమాచారంతో వెలువడిన మరో అధ్యయనంలో, ఒక్కొక్క కుక్క ప్రవర్తనలో కనిపించే తేడాల్లో జాతితో వివరించగలిగింది సుమారు 9 శాతమేనని చెప్పారు. తార తల్లిదండ్రులు ఎవరో తెలియదు, తెలిసినా మాకు ఉపయోగం లేదు. ఆ గడిని పట్టించుకోకుండా, అది ఏ పరిస్థితిలో ఏం చేస్తోందో ఒక నోటు పుస్తకంలో తేదీలతో రాయడం మొదలుపెట్టాను. దత్తత సమయంలో ఆ నోటు పుస్తకమే పనికొచ్చింది.

విడిగా ఉంచే గడువు ముగిశాక పరిచయాలు మొదలయ్యాయి. ఇంటి ముంగిట్లో నాలుగింటినీ ఒకేసారి వదిలి, వాటి సంగతి అవే చూసుకుంటాయనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. తెగించే కుక్క అయితే పోట్లాడుతుంది, అప్పుడు కనీసం తప్పు జరిగిందని తెలుస్తుంది. తారలాంటిదైతే వెల్లకిలా పడిపోయి కడుపు చూపిస్తుంది, మనం స్నేహం కుదిరిందని చప్పట్లు కొడతాం. అందుకని ఒక్కొక్క కుక్కనే, మా కుక్కలు తమదనుకోని ఒక ఖాళీ స్థలంలో, లీష్‌తో పరిచయం చేశాం.

మొదట భీమ. నేను తారను, మా అమ్మాయి భీమను పట్టుకుని, మధ్యలో బాగా ఎడం ఉంచి ఒకే దిక్కుగా నడిచాం. ఎంత ఎడం అన్నది తారను చూసి నిర్ణయించుకున్నాం. అది నేలను వాసన చూస్తూ, తోకను కాళ్ళ మధ్య దూర్చకుండా నడవగలిగితే ఆ దూరం సరిపోయినట్టు. కొంతసేపటికి భీమ ముందు, తార వెనుక. తరువాత తార ముందు, భీమ వెనుక. ముందు నడిచిన కుక్క మూత్రం పోసిన చోట వెనుకది ఆగి తీరికగా వాసన చూసింది. ఎదురెదురుగా ముఖాలు కలపనివ్వలేదు, ఎందుకంటే అది కుక్కల్లో మర్యాద కాదు. అర్ధచంద్రాకారంలో పక్క నుంచి వచ్చి కలిసేలా చూశాం. భీమ తార వెనుక భాగాన్ని రెండు మూడు క్షణాలు వాసన చూడగానే పిలిచి దూరం తీసుకెళ్ళాం. అన్నింటికన్నా కష్టమైనది లీష్‌ను వదులుగా పట్టుకోవడం. మన చేయి భయంతో బిగిస్తే ఆ బిగువు కుక్క మెడ దాకా పాకుతుంది. భీమ ఒకసారి తుమ్మి, ఒళ్ళంతా విదిలించుకుని తన దారిన తాను పోయింది. తార కూడా ఒళ్ళు విదిలించుకుంది. మా ఇంటికి వచ్చాక అది అలా చేయడం చూడటం అదే మొదలు. ఒత్తిడి దిగిన కుక్క సాధారణంగా చేసే పని అది.

బంటీతో అంత సులువు కాలేదు. దానికి ఉత్సాహం ఎక్కువ కాబట్టి, ముందు దానిని వేరుగా పరిగెత్తించి అలసిపోయాక తీసుకొచ్చేవాళ్ళం. చుక్కిని అన్నిటికన్నా చివర పరిచయం చేశాం, అదీ చాలా నింపాదిగా. ఒకే ఇంట్లో ఉండే కుక్కల మధ్య పోట్లాటల గురించి 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో, 38 జంటల్లో 79 శాతం ఒకే లింగానికి చెందినవని తేలింది, ఆడకుక్కలు ఉన్న జంటలు అందులో ఎక్కువ. ఇది చుక్కి, తార విషయంలో ఖాయంగా గొడవ జరుగుతుందన్న జోస్యం కాదు గానీ, నేను ఎటువైపు ఎక్కువ చూడాలో చెప్పింది.

బయట కలిసి నడవడం అలవాటయ్యాక ఇంటి లోపలికి వచ్చాం. హాలుకూ చివరి గదికీ మధ్య పిల్లల కోసం అమ్మే అడ్డు గేటు బిగించాం. నేల మీద ఉన్న బొమ్మలు, నమిలే ఎముకలు అన్నీ ఏరి అటక మీద పెట్టాం. నాలుగింటికీ నాలుగు చోట్ల, తలుపులు మూసి తిండి పెట్టి, తినడం పూర్తి కాగానే ఖాళీ గిన్నెలు కూడా తీసేశాం. నాలుగూ ఒకే గదిలో ఉన్నంతసేపు పెద్దవాళ్ళెవరో ఒకరు అక్కడ ఉండాలి, ఎవరూ లేకపోతే తార తన గదిలో ఉండాలి అన్నది ఇంట్లో అందరూ పాటించిన నియమం. తొలి నెల ఈ నియమానికి మినహాయింపు ఇవ్వలేదు.

ఇక్కడే తార సాధుత్వం అసలు రూపం తెలిసింది. ఒక మధ్యాహ్నం నేను హాల్లో కూర్చుని ఉన్నాను. తార నీళ్ళ గిన్నె వైపు నడిచింది. గిన్నెకు కొంచెం అవతల పడుకున్న చుక్కి తల ఎత్తి చూసింది, అంతే. గుర్రుమనలేదు, లేవలేదు. తార అడుగు గాల్లోనే ఆగింది. ముక్కును ఒకసారి నాలుకతో తడుముకుంది. ముఖం గోడవైపు తిప్పి, అక్కడ ఏదో ఉన్నట్టు నేలను వాసన చూసింది. ఆ తరువాత మెల్లగా వెనక్కి తిరిగి తన పరుపు మీదికి వెళ్ళి పడుకుంది. చప్పుడు లేదు, గొడవ లేదు. నేను ఫోన్ చూసుకుంటూ ఉంటే ఏమీ జరగలేదనే అనుకునేదాన్ని. కానీ ఒక కుక్క దాహం తీర్చుకోకుండా వెనుదిరిగింది. గమనించడం మొదలుపెట్టాక అలాంటివి రోజంతా కనిపించాయి: బంటీ వస్తుంటే పరుపు వదిలేయడం, గుమ్మంలో చుక్కి నిలబడితే బయటికి వెళ్ళాల్సిన అవసరం ఉన్నా ఆగిపోవడం, మా దగ్గరికి వస్తూ సగం దారిలో ఆవులించి వెనక్కి మళ్ళడం.

ఆ సాయంత్రమే నీళ్ళ గిన్నెలు ఇంటి నాలుగు వైపులా పెట్టాం. ఒక్కటే దారి ఉన్న చోట్ల పరుపులు తీసేసి, రెండు వైపుల నుంచీ వెళ్ళగలిగే చోట వేశాం. గుమ్మాల్లో చుక్కి పడుకోకుండా, దానికి ఇష్టమైన కిటికీ పక్కన మెత్తటి చోటు ఏర్పాటు చేశాం. చుక్కిని ఒక్కసారి కూడా తిట్టలేదు, ఎందుకంటే అది చేసిన తప్పేమీ లేదు. పైగా కొత్త కుక్క ఎదురుగా ఉన్నప్పుడు తిట్లు తింటే, ఆ కుక్క వల్లే తనకు చెడు జరుగుతోందని చుక్కి లెక్క వేసుకుంటుంది. బదులుగా తార గదిలోకి రాగానే చుక్కికి ఒక ఇష్టమైన తునక దొరికేది. ప్రతి ఉదయం చుక్కిని ఒక్కదానినే నడకకు తీసుకెళ్ళాను. ఆ నడక మానేసిన రోజున అది ఇంట్లో ఎంత చిరాకుగా ఉండేదో అందరికీ అర్థమయ్యేది.

ఆట విషయంలో బంటీకి ఒక పరీక్ష పెట్టేవాళ్ళం. రెండూ ఆడుతున్నట్టు కనిపించినప్పుడు, తార కింద పడి బంటీ పైన ఉంటే, బంటీని మెడపట్టీ పట్టుకుని పక్కకు లాగేవాళ్ళం. తార మళ్ళీ బంటీ దగ్గరికి వస్తే అది ఆట. లేచి దూరంగా వెళ్ళిపోతే అది ఆట కాదు, తప్పించుకునే అవకాశం దొరకడం. మొదట్లో ప్రతిసారీ వెళ్ళిపోయేది. తరువాత తరువాత ముందుకాళ్ళు చాచి, వెనుక భాగం పైకెత్తి తనే బంటీని పిలవడం మొదలుపెట్టింది. ఒకరిని ఒకరు తరమడంలో వంతులు మారుతున్నాయా, బలమైనది కావాలని తగ్గుతోందా అన్నవి కూడా చూసుకోవాలి. బంటీ తనంతట తాను వెల్లకిలా పడి తారను మీదికి రానిచ్చిన రోజున మా అమ్మాయి దానికి ఘన సన్మానం చేసింది.

అన్నిటికన్నా నాకు ఆనందం కలిగించిన సంఘటన వింటే కొందరికి వింతగా ఉండవచ్చు. తార తన పరుపు మీద పడుకుని ఉండగా బంటీ అలవాటుగా వచ్చి మూతి దూర్చబోయింది. తార లేవలేదు. ఒళ్ళు నిశ్చలంగా పెట్టి, పై పెదవి కొద్దిగా ఎత్తి, గొంతులో సన్నగా గుర్రుమంది. బంటీ ఆగి, తల తిప్పి, వేరే పరుపు వెతుక్కుంటూ పోయింది. తార తల వాల్చి మళ్ళీ పడుకుంది. మా అమ్మాయి "తప్పు తారా" అనబోతుంటే చేయి చూపి ఆపాను. గుర్రుమనడం కుక్క మాట. ఇంకా దగ్గరికి వస్తే నాకు కష్టంగా ఉంటుందని అది ముందుగా చెబుతోంది. ఆ మాటను తిట్టి నోరు మూయిస్తే భయం పోదు, హెచ్చరిక మాత్రమే పోతుంది. ఆ తరువాత వచ్చేది నేరుగా కాటు. ఇన్నాళ్ళూ ఇవ్వగలిగినదంతా వదులుకుంటూ వచ్చిన కుక్క, ఇది నాది అని మొదటిసారి చెప్పుకోగలిగింది. ఈ సంగతి షెల్టర్‌కు చెబితే అక్కడి కార్యకర్త కంగారుపడి, కాగితంలో సాధువు అన్న మాట తీసేయాలా అని అడిగారు. తీసేయవద్దు, దాని పక్కన ఇంకో వాక్యం చేర్చండి అన్నాను.

చుక్కితో గొడవ ఒక్కసారి జరిగింది. గుమ్మం గంట మోగగానే నాలుగూ తలుపు దగ్గర ఇరుక్కున్నాయి, ఆ తోపులాటలో చుక్కి తార మీద విరుచుకుపడింది. పెద్ద రొద వినిపించింది గానీ ఎవరికీ గాటు పడలేదు. మధ్యలో చేతులు పెట్టకుండా పక్కనున్న కుర్చీని అడ్డం తోసి విడదీశాం. కుక్కల పోట్లాటలో మెడపట్టీ కోసం చేయి పెట్టినవాళ్ళే ఎక్కువగా గాయపడతారు. ఆ రోజంతా రెండింటినీ వేరుగా ఉంచి, మరునాడు మళ్ళీ బయట నడకతోనే మొదలుపెట్టాం. అప్పటి నుంచి గంట మోగితే ముందు తార గేటు వెనుకకు, ఆ తరువాతే తలుపు తీయడం.

ఇల్లు పాడుచేయకుండా ఉండటం, మెట్లు ఎక్కడం, నున్నటి నేల మీద జారకుండా నడవడం వంటివి తార మా కుక్కలను చూసి చాలా త్వరగా నేర్చుకుంది. ఎక్కువ కుక్కలున్న ఇంట్లో ఫోస్టర్ చేయడంలో అసలైన సుగుణం ఇదే. భీమ వెనుకే నడుస్తూ అది ఎక్కడ మూత్రం పోస్తే అక్కడే పోసేది. అయితే పారిపోయే ప్రమాదం విషయంలో మా కుక్కల అలవాటును నమ్ముకోలేదు. బెదిరిన కుక్క మెడపట్టీలోంచి తల వెనక్కి లాక్కుని క్షణంలో తప్పించుకోగలదు. ఒంటికి హార్నెస్ (ఛాతీ చుట్టూ వేసే పట్టీ), మెడకు జారి బిగిసే లీష్, రెండూ కలిపి వేసి, రెండు చివరలూ చేతికి చుట్టుకుని నడిపించాం.

దత్తతకు సిద్ధంగా ఉందని షెల్టర్‌కు తెలిపినప్పుడు, తార పరిచయాన్ని నేనే రాసి ఇచ్చాను. నెమ్మదైనది, పిల్లలతో కలిసిపోతుంది అని రెండు ముక్కలు రాసి మంచి ఫోటో పెడితే త్వరగా ఎవరో వస్తారు, కానీ అంతే త్వరగా తిరిగి తెస్తారు. ఒత్తిడి కలిగితే పక్కకు తప్పుకుంటుందని, తప్పుకునే చోటు దానికి ఉండాలని, పడుకున్నప్పుడు కదిలిస్తే గుర్రుమంటుందని, ఒక నెమ్మదైన తోటి కుక్క ఉంటే బాగా ధైర్యం తెచ్చుకుంటుందని రాశాను.

మొదట వచ్చిన కుటుంబం చాలా మంచివాళ్ళు. వాళ్ళ బుడిబుడి అడుగుల పిల్లవాడు వచ్చీ రాగానే తార మెడను కావలించుకున్నాడు. తార కదలలేదు. వాళ్ళు ఎంత ఓర్పో అని సంబరపడ్డారు. నాకు దాని నాలుక పదేపదే ముక్కు మీదికి రావడం, కళ్ళు పక్కకు తిరగడం కనిపించాయి. ఈ ఇల్లు ఈ కుక్కకు సరిపడదని షెల్టర్‌కు చెప్పాను, కారణం నోటు పుస్తకంలోని విషయాలతో సహా వివరించాను. ఆ కుటుంబానికి బాధ కలిగింది. అయినా కొన్నాళ్ళకు వాళ్ళకు హుషారైన, పిల్లలంటే ప్రాణం పెట్టే ఒక కుర్రకుక్క దొరికిందని తెలిసింది.

ఈ మధ్యలో అందరూ అడిగిన ప్రశ్న, ఇంత ఇష్టం పెంచుకున్నారు కదా మీరే ఉంచేసుకోవచ్చుగా అని. ఫోస్టర్‌కు తెచ్చిన కుక్కను ఉంచేసుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు, అందులో తప్పేమీ లేదు. తారను ఉంచుకోకపోవడానికి నాకు ఉన్న కారణం ఒక్కటే. మా ఇంట్లో చుక్కి ఉన్నంతకాలం గుమ్మాల దగ్గర, గిన్నెల దగ్గర, మా ఒళ్ళో చోటు దగ్గర తగ్గేది ఎప్పుడూ తారే. మేము కాపలా కాస్తే బాగానే ఉంటుంది, కానీ జీవితాంతం ఎవరో ఒకరు కాపలా కాయాల్సిన బతుకు దానికి ఎందుకు?

చివరకు ఒక తల్లీ, ఉద్యోగం చేస్తున్న ఆమె కొడుకూ వచ్చారు. వాళ్ళ ఇంట్లో భీమలాంటి వయసు మళ్ళిన మగకుక్క ఒకటే ఉంది. ఆమె వచ్చి తారను పిలవలేదు. కుర్చీలో కూర్చుని నాతో మాట్లాడుతూ ఉండిపోయింది. తారే లేచి వెళ్ళి ఆమె చీర అంచు వాసన చూసింది. రెండు కుక్కలనూ బయట పక్కపక్కన నడిపించాం, తరువాత వాళ్ళ ఇంట్లో కలిపి చూశాం. వెళ్ళేటప్పుడు అది తింటున్న తిండి కొంత, ఉతకని దుప్పటి ఒకటి, రోజువారీ సమయాల పట్టిక, హార్ట్‌వార్మ్ పరీక్ష గుర్తు చేసే కాగితం ఇచ్చాను. మొదటి రెండు వారాలు హార్నెస్, లీష్ రెండూ లేకుండా గడప దాటించవద్దని మాట తీసుకున్నాను.

తార వెళ్ళాక చుక్కి ఒకటి రెండు రోజులు చివరి గదిని వాసన చూసి ఊరుకుంది. బంటీ మాత్రం ఆటకు తోడు లేక భీమను విసిగించి మొట్టికాయలు తింది.

కొన్ని వారాల తరువాత ఆమె ఫోన్ చేసింది. గొంతులో ఆందోళన ఉంది. తార పడుకున్న చోటికి తమ ముసలి కుక్క వచ్చి పక్కన నిలబడితే గుర్రుమందట. ఇంత సాధువైనది ఇలా మారిందేమిటి, ఏమైనా జబ్బా అని అడిగింది. ఆ ఇంట్లో ఎన్ని పరుపులు ఉన్నాయని అడిగాను. ఒక్కటే ఉంది, అదీ మొదటి నుంచి ముసలి కుక్కదే. తారను తిట్టవద్దని, జబ్బేమీ కాదని, పరుపు ఇంకొకటి కొని గది రెండో వైపు వేయమని చెప్పాను. ఆ సాయంత్రమే కొడుకు వెళ్ళి రెండు కొనుక్కొచ్చాడు, తరువాత ఎవరిది ఎక్కడన్నది ఆ కుక్కలే తేల్చుకున్నాయి.